గుడ్ల సెక్షన్

శాలిబండలోని ఆ సర్కారు బడిలో ఏడో తరగతి పిల్లలకు రాని లెక్క అంటూ లేదు. జోయెల్ సార్ బోర్డు మీద భిన్నాలు వేసి ఇటు తిరిగేలోపే చేతులన్నీ లేచేవి. అన్ని చేతులు ఒక్కసారిగా లేస్తే గదిలో గాలి కదిలేది, పైన తిరుగుతున్న ఫ్యాను తన ఉద్యోగం గురించి ఆలోచనలో పడేది. ప్రశ్న సగంలో ఉండగానే జవాబు వచ్చిన రోజులున్నాయి. ఒకసారి సార్‌కు దగ్గు వస్తే, దానికి కూడా యాస్మీన్ అనే అమ్మాయి లేచి నిలబడి "మూడు బై నాలుగు సార్" అంది. అది కరెక్టే అయ్యింది.

స్రవ్య చివరి బెంచీలో కూర్చుని ఇదంతా రాసుకునేది. ఆమె నాలుగేళ్ళ డిగ్రీలో ఆఖరి ఏడాది చదువుతోంది. సబ్జెక్టు ఎడ్యుకేషన్. మూడేళ్ళు మార్కులు బాగా వచ్చినవాళ్ళకు మాత్రమే ఇచ్చే ఆనర్స్ విత్ రీసెర్చ్. అంటే పరీక్షలు రాసి ఊరుకోవడం కాకుండా, ఒక బడికి వెళ్ళి, క్లాసులో కూర్చుని, ఎవరు మాట్లాడుతున్నారో ఎవరు మాట్లాడటం లేదో చూసి రిపోర్టు రాయాలి. దాని మీద గైడు సంతకం పెట్టాలి. పెడితేనే సర్టిఫికెట్ మీద రీసెర్చ్ అనే మాట ఉంటుంది. లేకపోతే ఇంకో రెండు పేపర్లు రాసుకుని మామూలు ఆనర్స్‌తో ఇంటికి పోవచ్చు.

ఆమె ఎప్పుడు వెళ్ళినా వెనక బెంచీలు ఖాళీగా ఉండేవి. బడివాళ్ళ మర్యాద అనుకుంది.

గైడు విశ్వేశ్వర్ సార్ ఆమె రాసుకొచ్చిన కాగితాలు చూసి కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూశాడు. ఇట్లాంటి పార్టిసిపేషన్ ఫిన్లాండ్‌లో కూడా ఉండదన్నాడు. సెమినార్ పెడదామన్నాడు, ఆ సెమినార్‌లో చాయ్‌తో పాటు ఏ బిస్కెట్లు ఇవ్వాలో కూడా అప్పుడే అనుకున్నాడు. ఫీల్డు చూడటానికి సోమవారం తనే స్వయంగా వస్తానని, చూసి అక్కడే సంతకం పెట్టేస్తానని చెప్పాడు.

స్రవ్య ఉండేది ఛత్రినాకలో. ఛత్రినాకలో రీసెర్చ్ అంటే అర్థం ఒకటే, క్షిపణులు చేసే కంచన్‌బాగ్. ఆమె నాన్న బాలనర్సింహ బర్రెలు పెట్టుకుని పాలు అమ్ముతాడు. పాలు పోసిన ప్రతి గడపలో నా బిడ్డ రీసెర్చ్ చేస్తుందని చెప్పుకొచ్చాడు. దాంతో గల్లీ అంతా కలిసి ఆమెను క్షిపణుల పనిలో పెట్టేశారు. ఆమె నడిచి వస్తుంటే అరుగుల మీద మాటలు ఆగిపోయేవి. ఎదురింటి మొగులయ్య తాత ఒకరోజు దగ్గరికి పిలిచి, యుద్ధం గిట్ల వస్తే మనోళ్ళకు ముందుగాల చెప్తవు కదా బిడ్డా అని చెవిలో అడిగాడు. తను చూసేది బడిపిల్లల్ని అని స్రవ్య వారం రోజులు అందరికీ చెప్పి చూసింది. గట్లనే చెప్పాలె, అసలు సంగతి బయటికి చెప్పొద్దు కదా అని వాళ్ళు మెచ్చుకున్నారు. ఇక లాభం లేక మొగులయ్య తాతకు, ఛత్రినాక మీదికైతే ఏం రాదు, ఫికర్ చెయ్యకు అని మాటిచ్చింది. ఆయన ఆ రాత్రి ఎన్నాళ్ళకో హాయిగా పడుకున్నాడట.

బుధవారం బడి ముందు గేటు దగ్గర డ్రైనేజీ కోసం తవ్వారు. అవతలికి దూకాలంటే ఒలింపిక్స్‌కి వెళ్ళొచ్చినవాళ్ళు కావాలి. స్రవ్య చుట్టూ తిరిగి వెనక సందులోంచి వచ్చింది. వెనక గేటు పక్కనే మధ్యాహ్నం భోజనాల రేకుల షెడ్డు ఉంది. అందులో ఒక పదిమంది దాకా పిల్లలు పెద్ద గిన్నె చుట్టూ కూర్చుని ఉడికిన కోడిగుడ్ల పొట్టు తీస్తున్నారు.

అన్నం, పప్పు వ్యానులో వస్తాయి. గుడ్లు మాత్రం బడిలోనే ఉడకబెడతారు. అది ఆమెకు తెలుసు. వాటి పొట్టు ఎవరు తీస్తారన్నది ఎప్పుడూ తట్టలేదు.

ఆమెను చూడగానే పిల్లలు గబగబా లేచారు. ఒకడు గుడ్డుతో సహా లేచి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక జేబులో వేసుకున్నాడు.

"ఇటు నుంచి వచ్చిండ్రేంది టీచర్," అంది ముందున్న అమ్మాయి. తప్పుదారిన వచ్చిన బస్సును అడిగినట్టు అడిగింది.

"మీది ఏ క్లాసు?"

"ఏడు."

"ఏడో తరగతికి అక్కడ లెక్కలు నడుస్తున్నయి కదా."

"గది మీరు చూసే ఏడు టీచర్. మేం గుడ్ల సెక్షన్."

ఆ అమ్మాయి పేరు సోనీ. జేబులో గుడ్డు ఉన్నవాడు తాహిర్. స్రవ్య గోనెసంచి మీద కూర్చుంటే వాళ్ళూ కూర్చున్నారు. మళ్ళీ చేతులు గిన్నెలోకి వెళ్ళాయి. గుడ్డును నేల మీద అరచేత్తో ఒకసారి దొర్లించి, గోటితో ఒక మూల పట్టి లాగితే పొట్టు చొక్కా విప్పినట్టు వచ్చేస్తోంది. ఆ పని చేస్తూనే చెప్పుకొచ్చారు. బడికి ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే వీళ్ళు బయటికి రావాలి. తనిఖీకి వచ్చే ఆఫీసర్లైనా సరే, బ్యాగులు పంచి ఫోటోలు దిగేవాళ్ళైనా సరే. మొదట్లో హెడ్మాస్టర్ మేడం వచ్చి పేర్లు పిలిచి లేపేది. ఇప్పుడు ఎవరూ పిలవక్కర్లేదు. వరండాలో తెలియని చెప్పుల చప్పుడు వినపడితే వాళ్ళే లేచి బ్యాగులు భుజాన వేసుకుంటారు. దిగాల్సిన స్టాపు వచ్చినట్టు.

"మీ చెప్పులు నాకు మస్తు గుర్తు," అన్నాడు తాహిర్. "టక్కు, టక్కు, చిర్. ఎడమ చెప్పు పట్టీ పోయింది."

నిజమే, పోయింది.

ఆఫీసర్లు ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తారు, స్రవ్య రోజూ వస్తోంది, అందుకని చప్పుడు దాకా కూడా ఆగకుండా ఆమె వచ్చే వేళకు ముందే లేచి వచ్చేస్తున్నారు. ఆమె వచ్చాక వీళ్ళు లెక్కల క్లాసులో కూర్చోలేదు. ఆమె వెళ్ళాక తిరిగి పోదామంటే అప్పటికి లెక్కల పీరియడ్ అయిపోతోంది. ఇంకో సంగతి కూడా తెలిసింది. ఎవరైనా చూస్తున్నప్పుడు లోపల అందరూ చెయ్యి ఎత్తాలి. జవాబు వచ్చినవాళ్ళు కుడి చెయ్యి, రానివాళ్ళు ఎడమ చెయ్యి. సార్ కుడి చేతుల్ని మాత్రమే అడుగుతాడు.

"మాకైతే ఏ చెయ్యి ఎత్తుడో గూడ యాది లేదు టీచర్," అన్నాడు తాహిర్. వాడికి అందులో బాధపడాల్సిందేమీ కనపడలేదు.

స్రవ్య ఒక గుడ్డు తీసుకుని పొట్టు తీయబోయింది. సగం గుడ్డు పొట్టుతో పాటే వచ్చేసింది. సోనీ ఆమె చేతిలోంచి గుడ్డు తీసుకుంది.

తర్వాత ఆమె క్లాసుకు వెళ్ళి ఎప్పటిలాగే చివరి బెంచీలో కూర్చుంది. చేతులు లేచాయి. ఈసారి ఎడమ చేతులు కూడా కనపడ్డాయి. రాసుకోవడానికి బెంచీ మీద వంగితే, చెక్క మీద కంపాస్ మొనతో చెక్కిన పేర్లు ఉన్నాయి. సోనీ. తాహిర్. ఇంకా ఎవరెవరివో. ఇన్నాళ్ళూ ఆ పేర్ల మీదే కాగితం పెట్టి, ఈ క్లాసులో మాట్లాడని పిల్లలు లేరని రాసింది.

గురువారం పొద్దున విశ్వేశ్వర్ సార్ ఆమె చెప్పిందంతా ఓపికగా విన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. విద్యార్థులకు ఫీజు కట్టడానికి ఇబ్బందైతే తను కట్టి మర్చిపోయే రకం. కానీ ఒక మంచి ఫలితం చేతికి వచ్చాక దాన్ని వదులుకోవడం ఆయనకు ఇష్టం లేదు. అబ్జర్వేషన్ స్టడీ అంటే క్లాసులో ఉన్నవాళ్ళను చూడటమని, లేనివాళ్ళను చూడటం వేరే టాపిక్ అవుతుందని వివరించాడు.

"వాళ్ళు క్లాసుల లేంది నా వల్లనే సార్. నేను వస్తున్న అని లేస్తున్నరు."

"నిజమేనమ్మా. గది లిమిటేషన్స్ కింద ఒక లైను రాయి."

"ఒక్క లైన్‌ల పట్టరు సార్, పదిమంది దాక ఉన్నరు."

"చిన్న అక్షరాలతో రాయి."

ఆయన అది వెటకారంగా అనలేదు. నిజంగానే సలహా ఇచ్చాడు. ఇప్పుడు ఫీల్డో టాపికో మార్చే టైము లేదని, ఆ షెడ్డు సంగతి రిపోర్టులోకి వస్తే బడివాళ్ళు ఇంకెప్పుడూ కాలేజీ విద్యార్థుల్ని లోపలికి రానివ్వరని చెప్పాడు. అందుకే అట్లాంటి రిపోర్టు మీద సంతకం పెట్టలేనన్నాడు. బెదిరించినట్టు కాదు, వర్షం పడేట్టుంది గొడుగు పట్టుకుపో అన్నట్టు.

సాయంత్రం బాలనర్సింహ బర్రెలను కడుగుతుంటే స్రవ్య పైపు పట్టుకుని నిలబడింది. సంగతి చెప్తే, ఆ హెడ్మాస్టరమ్మ తప్పేముందన్నాడు ఆయన. బర్రెను కొనేందుకు ఎవడన్నా వస్తే తను కూడా మంచి బర్రెనే ముందు కడతాడు. కుంటిదాన్ని గోడ వెనక కడతాడు. లోకమంతా అదే పద్ధతి.

"అవి బర్రెలు బాపు. గా పిల్లలను ఎవ్వరు కొంటలేరు."

"కొనకపోతే గింత మంది ఎందుకొచ్చి చూస్తున్నరే," అన్నాడు బాలనర్సింహ.

అంటూనే ఆయన వేరే కోపంలోకి వెళ్ళిపోయాడు. పోయిన నెల ఒకడు వచ్చాడట. ముందు కట్టిన బర్రె వైపు చూడనే లేదట. ఎనుక ఏమున్నదో గది తోలుకరా, ముందున్నదాన్ని అవుతల కట్టెయ్యి అన్నాడట. వాడు బేరానికి వచ్చిండా, పోలీసోడా అని ఇప్పటికీ మండిపడుతున్నాడు. లోపల్నుంచి తల్లి లలితమ్మ, నీళ్ళన్నీ ఒక్క బర్రె మీదనే పోస్తున్నవేందే అని అరిచింది. స్రవ్య పైపు పట్టుకున్న సంగతి మర్చిపోయి నిలబడింది. ఆ బర్రెకు ఆ రోజు జరిగినంత అభిషేకం శివరాత్రికి దేవుడికి కూడా జరగదు.

శుక్రవారం మళ్ళీ గుడ్ల రోజు. హెడ్మాస్టర్ శారదమ్మ మేడం మోకాళ్ళ నొప్పికి ఒక కాలు ఇటుక మీద పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది. స్రవ్య వినయంగా నిలబడింది. ఆమె ఎంత వినయంగా ఉంటే అంత జాగ్రత్తపడాలని ఇంట్లో వాళ్ళకు తెలుసు, శారదమ్మ మేడంకు తెలియదు.

ముందు, పిల్లల్ని ఎందుకు బయటికి పంపుతారని అడిగింది. మేడం దాచలేదు.

"ఇంటికి సుట్టాలొస్తే మంచి బెడ్‌షీట్ ఏస్తం కదమ్మా. గంతే. వచ్చినోళ్ళు పది నిమిషాలు చూసి పోతరు. ఆ పది నిమిషాల్ల గుంపుల ఎవడన్న ఒకడు నోరు తెరవకపోతే, ఏడాదంత మేం చెప్పింది గంగల కలుస్తది. టీచర్లకు మెమోలు వస్తయి."

స్రవ్య అంతా విని, ఈ రోజు తనకు కొంచెం మార్పు కావాలంది. వెనక బెంచీల వాళ్ళు క్లాసులో ఉండాలి, ముందు బెంచీల వాళ్ళు బయట ఉండాలి. స్టడీ కోసం.

శారదమ్మ మేడం ముఖంలో ఆశ్చర్యం ఏమీ కనపడలేదు. పిల్లల్ని అటోసగం ఇటోసగం చేయడం ఆమెకు అలవాటైన పని.

"కంపారిజనా?"

"అవు మేడం."

"విశ్వేశ్వర్ సార్ చెప్పిండా?"

"ముందున్నోళ్ళను చూసిన కదా మేడం, ఎనుకున్నోళ్ళను గూడ చూస్తే పని పూర్తైతది."

సార్ చెప్పాడని ఆమె అనలేదు. మేడం అనుకుంది. కాలు ఇటుక మీద నుంచి దించి, వరండాలోకి వచ్చి, పెళ్ళిలో ఒక పంక్తి లేపి ఇంకో పంక్తి కూర్చోబెట్టినట్టు చేతులతో సైగ చేసింది. ముందు బెంచీలు బయటికి, వెనక బెంచీలు లోపలికి. యాస్మీన్ గడప దగ్గర ఆగి, మేడం పొరపాటు పడిందేమో అని ఒకసారి వెనక్కి చూసింది. మేడం పడలేదు.

జోయెల్ సార్ బోర్డు మీద భిన్నం వేసి, ప్రశ్న అడిగి, అలవాటు ప్రకారం చేతుల తుఫాను కోసం ఒక అడుగు వెనక్కి వేశాడు. తుఫాను రాలేదు. ఫ్యాను చప్పుడు వినిపించింది. శాలిబండ రోడ్డు మీద షేర్ ఆటోవాడు చార్మినార్, చార్మినార్ అని పిలవడం వినిపించింది. సార్ ప్రశ్న మళ్ళీ అడిగాడు. పిల్లలు బోర్డు వంక మర్యాదగా చూస్తూ కూర్చున్నారు, టీవీలో తెలియని భాష వార్తలు వస్తున్నట్టు.

సార్ ఒకడి వైపు చాక్‌పీస్ చూపించి పేరు అడిగాడు.

"తాహిర్ సార్," అన్నాడు వాడు. "ఆర్నెల్ల నుంచి మీ క్లాసే సార్."

జోయెల్ సార్ వయసులో చిన్నవాడు. ముఖం ఎర్రబడితే దాచుకోవడం ఇంకా రాలేదు. అటు తిరిగి బోర్డులో రాత లేని భాగాన్ని డస్టర్‌తో చాలాసేపు తుడిచాడు. ఇటు తిరిగేసరికి ఒక చెయ్యి లేచి ఉంది. ఎడమ చెయ్యి. సోనీది.

ఆయన కళ్ళు అలవాటుగా ఆ చేతిని దాటి పోయాయి. కానీ దాటి పోవడానికి ఇంకో చెయ్యి లేదు. తిరిగి వచ్చాయి.

"ఎడమ చెయ్యి అంటే రానట్టు కదా."

"అవు సార్."

"మరి ఎందుకెత్తినవ్?"

"రాదు కదా సార్. చెప్తరేమో అని."

జోయెల్ సార్ పుస్తకంలో పేజీలు వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. ఒకటి, ఇంకొకటి, అంతకంటే వెనక్కి. సగం అంటే ఏంటి అన్నదాకా వెళ్ళి ఆగాడు. అక్కణ్ణుంచి మొదలుపెట్టాడు. గంట కొట్టినా ఆపలేదు. ఆ రోజు లెక్క ఎవరికీ రాలేదు. కానీ ఎక్కడిదాకా వచ్చో, ఎక్కణ్ణుంచి రాదో కొందరికి తెలిసింది. స్రవ్య తన కాగితం మీద మొదటిసారి ఒక ప్రశ్న పిల్లల వైపు నుంచి వచ్చిందని రాసుకుంది.

షెడ్డులో పరిస్థితి వేరుగా ఉంది. లెక్కల్లో తిరుగులేని ముందు బెంచీలు కోడిగుడ్ల మీద దండెత్తాయి. ఆ మధ్యాహ్నం పళ్ళేల్లోకి వచ్చిన గుడ్లను చూస్తే, అవి పానిపట్టు యుద్ధంలో పాల్గొని ఓడిపోయి వచ్చాయనిపించింది. కొన్నింటికి పచ్చసొన మాత్రమే మిగిలింది. యాస్మీన్ గోళ్ళ కింద పెంకు గుచ్చుకుని రక్తం చిమ్మింది.

శనివారం ఆ రక్తం తాలూకు తల్లి వచ్చింది. ఖైసర్ బేగం శాలిబండలోనే చుడీదార్లు కుట్టే కార్ఖానా నడుపుతుంది. మిషన్ల చప్పుడు మీద నుంచి మాట్లాడి అలవాటైన గొంతు. ఆమె గేటు దగ్గర సలాం చెప్తే మూడో తరగతి పిల్లలు లేచి నిలబడ్డారు. యాస్మీన్‌ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, కట్టు కట్టిన వేలును హెడ్మాస్టర్ టేబుల్ మీద సాక్ష్యంగా పెట్టింది.

శారదమ్మ మేడం ఆ వేలిని చూసి, స్రవ్యను చూపించింది. ఈ ఏర్పాటంతా ఈ రీసెర్చ్ అమ్మాయిది, తనకేం తెలియదు. ఆ మాట అంటూనే విశ్వేశ్వర్ సార్‌కు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి టేబుల్ మీద వేలు పక్కనే ఉంచింది. ఫోన్‌లో ఆయన, తను అట్లాంటి ఏర్పాటు చెప్పలేదని, సోమవారం వచ్చి క్షమాపణ కూడా చెప్తానని, స్రవ్య ఆ శుక్రవారం సంగతి మొత్తం తీసేసి రిపోర్టు ఇస్తేనే ముందుకు పోతానని అన్నాడు. తనకు కావాల్సిన సంతకం గాలిలో ఎగిరిపోతుంటే స్రవ్య స్పీకర్‌లో లైవ్‌గా విన్నది.

ఖైసర్ బేగం ఆమె వైపు తిరిగింది.

"ఏంది బేటీ, మా పిల్లల మీద ప్రయోగాలు చేస్తున్నవా? నా బిడ్డ గుడ్లు ఒలువనీకి వస్తదా బడికి?"

"రాదు ఆంటీ. నేను చేయించింది తప్పే. ఒక్క పూటైనా తప్పే." స్రవ్య అక్కడితో ఆగలేదు. "సోనీ వస్తదా మరి, గుడ్లు ఒలువనీకి? ఆమె నేను వచ్చినకాడి నుంచి దినాం గదే షెడ్డుల ఉన్నది."

"ఏ సోనీ?"

అడిగింది కానీ ఆమెకు ఆ జవాబుతో పనిలేదు. ఎవరి పిల్లల సంగతి వాళ్ళు చూసుకోవాలి, తను తన బిడ్డ కోసం వచ్చింది. అప్పుడు యాస్మీన్, కట్టు కట్టిన వేలిని టేబుల్ మీద నుంచి తీసుకుంటూ, చిన్నగా అంది.

"గుండీల ఆంటీ బిడ్డ, అమ్మీ."

గుండీల ఆంటీ ఖైసర్ బేగం కార్ఖానాలో కిటికీ పక్కన కూర్చుని గుండీలు కుడుతుంది. సూదిలో దారం ఎక్కించేటప్పుడల్లా తలెత్తి, నా బిడ్డ బడిల లెక్కలు నేర్చుకుంటుంది బాజీ, రేపు మీ కార్ఖానా లెక్కలు అదే రాస్తది అంటుంది. ఎన్నిసార్లు అందో. నిన్న కూడా అంది.

ఖైసర్ బేగం సోనీని పిలిపించింది. ఆ అమ్మాయి వచ్చి గడప అవతలే నిలబడింది. ఖైసర్ బేగం ఆమె చెయ్యి పట్టుకుని గోళ్ళ వైపు చూసింది. గోటి చివరన తెల్లటి పెంకు ముక్క అంటుకుని ఉంది. బట్ట మీద అంటిన దారాన్ని తీసినట్టు దాన్ని రెండు వేళ్ళతో తీసి కింద పడేసింది.

"మీ అమ్మకు తెల్వదా బేటా?"

"చెప్పలే ఆంటీ. పని ఇడిశిపెట్టి ఈడికి వస్తది. గొడవైతది."

ఖైసర్ బేగం తిరిగినప్పుడు గొంతు బాగా తగ్గింది. ఆ గొంతు తగ్గడం ఇంతకుముందు అరిచినదానికంటే భయంగా ఉంది. ఈ ఇద్దర్నీ ఒక్క బెంచీలో కూర్చోబెట్టాలంది. ఎవరు వచ్చినా లేపొద్దంది. శారదమ్మ మేడం అన్నింటికీ తలూపి, మంగళవారం నుంచి తప్పకుండా అంది. సోమవారం గైడు సార్ వస్తున్నాడు కాబట్టి ఆ ఒక్క రోజుకు మాత్రం పాత పద్ధతే.

"గట్లనా మేడం," అంది ఖైసర్ బేగం. "అయితే సోమవారం మా యాస్మీన్ గూడ గుడ్ల సెక్షనే. రాసుకోండి."

షెడ్డులోంచి కూతురిని బయటికి తీయడానికి వచ్చిన మనిషి, కూతురిని షెడ్డులోనే ఉంచుతానని చెప్పి వెళ్ళిపోయింది. శారదమ్మ మేడం కాలు మళ్ళీ ఇటుక మీద పెట్టుకుంది.

సోమవారం విశ్వేశ్వర్ సార్ మెరిసే నల్ల బూట్లతో వచ్చాడు. ఆ బూట్లలో చూసుకుని తల దువ్వుకోవచ్చు. స్రవ్య ఆయన పక్కన నడుస్తోంది. వరండా మొదట్లో ఆయన ఆగి, శనివారం సంగతి తను మర్చిపోయానని, ఆమె కూడా మర్చిపోతే ఈ పూటే సంతకం అయిపోతుందని నెమ్మదిగా చెప్పాడు. ఆమె సార్ అంది, అంతే.

బూట్లు వరండా రాళ్ళ మీద చప్పుడు చేశాయి.

ఏడో తరగతి వెనక బెంచీల్లో పిల్లలు లేచారు. ఎవరూ చెప్పలేదు. బ్యాగులు భుజాన పడ్డాయి. కిటికీలోంచి స్రవ్యకు కనపడుతూనే ఉంది. జోయెల్ సార్ చాక్‌పీస్ పట్టుకుని, కూసోండి, కూసోండి అంటున్నాడు కానీ ఆ పిల్లల కాళ్ళకు ఆ మాట కొత్త.

మొదటి బెంచీలో యాస్మీన్ పుస్తకం మూసింది. మూత పెట్టిన పెన్నును కంపాస్ బాక్సులో, బాక్సును బ్యాగులో పెట్టింది. లేచింది.

"నువ్వెటు యాస్మీన్?"

"షెడ్డుకు సార్. ఎవరో వస్తున్నరు కదా."

ఆమె పక్కనున్న అమ్మాయి లేచింది. ఆ వెనక బెంచీ లేచింది. ఎవరూ అరవలేదు, నవ్వలేదు, తోసుకోలేదు. ఆ బడి పెట్టినప్పటి నుంచి అంత క్రమశిక్షణతో ఒక క్లాసు కదిలింది లేదు. విశ్వేశ్వర్ సార్ గడపలోకి వచ్చేసరికి పిల్లలు ఆయనకు పక్కగా ఒక్కొక్కరే గుడ్ మార్నింగ్ సార్ చెప్తూ బయటికి నడిచారు. ఆయన అందరికీ గుడ్ మార్నింగ్ చెప్పి, చివరి గుడ్ మార్నింగ్ అయ్యాక లోపలికి చూశాడు. బెంచీలు ఉన్నాయి. ఫ్యాను ఉంది.

"క్లాసేది?" అన్నాడు.

జోయెల్ సార్ చుట్ట చుట్టే బోర్డును మేకు మీద నుంచి తీసి చంకలో పెట్టుకున్నాడు. చాక్‌పీస్ జేబులో వేసుకున్నాడు.

"షెడ్డుకు పోయింది సార్. నాకిప్పుడు లెక్కల పీరియడ్," అని ఆయన కూడా గుడ్ మార్నింగ్ చెప్పి వెళ్ళిపోయాడు.

షెడ్డులో ముందు బెంచీ వెనక బెంచీ లేవు, గిన్నె చుట్టూ గుండ్రంగా కూర్చున్నారు. బోర్డు కిటికీ చువ్వకు వేలాడుతోంది. జోయెల్ సార్ ఒక గుడ్డు తీసుకుని దారంతో కోసి సగం చూపిస్తున్నాడు. తాహిర్ ఆ సగంలో సగం ఎంతో చెప్పబోయి తప్పు చెప్పాడు. యాస్మీన్ కుడి చెయ్యి ఎత్తింది. సార్ ఆగమ్మా అని, ఎట్ల వచ్చిందో చెప్పమని తాహిర్‌నే మళ్ళీ అడిగాడు. సోనీ యాస్మీన్ చేతిలోంచి గుడ్డు తీసుకుని, నేల మీద దొర్లించి, మూల ఎక్కడ పట్టాలో చూపించి తిరిగి ఇచ్చింది.

శారదమ్మ మేడం అటెండర్‌తో కుర్చీ పంపించింది. లోపల నేల తడిగా ఉందని అతను దాన్ని గడప బయట వేసి, తువ్వాలుతో దులిపి వెళ్ళాడు.

విశ్వేశ్వర్ సార్ గడపలో నిలబడ్డాడు. పక్కన స్రవ్య కాగితాలు తీసింది.

"ఇదంత రాస్తవా?" అన్నాడు, ముందుకే చూస్తూ.

"రాస్త సార్. నేను వస్తే వీళ్ళు లేచి పోయిండ్రనే కాడి నుంచి."

"రాస్తే నేను సంతకం పెట్టలేనమ్మా."

"తెలుసు సార్. ఇంకో గైడును అడుగుత. ఎవ్వరు ఒప్పుకోకుంటే రెండు పేపర్లు రాసి మామూలు ఆనర్స్ తీసుకుంట. ఇది మాత్రం ఇట్లనే రాస్త."

ఆయన కళ్ళజోడు తీశాడు. తుడవకుండా చేతిలోనే పట్టుకున్నాడు. లోపల ఎవరో సరైన జవాబు చెప్పారు, అది ఎవరో చూడటానికి కళ్ళజోడు కళ్ళకు లేదు.

"నన్ను గూడ రాస్తవా?"

"మీరు ఏడ కూసుంటే ఆడ కూసున్నరని రాస్త సార్."

సోనీ ఆ మాట విన్నదో లేదో, గోనెసంచి మీద కొంచెం జరిగి ఒక మనిషికి సరిపోయేంత చోటు చేసింది. కుర్చీ గడప బయట ఉంది. విశ్వేశ్వర్ సార్ గోనెసంచిని చూశాడు. తన బూట్లను చూశాడు. కుర్చీని చూశాడు. పీరియడ్ గంట కొట్టేదాకా నిలబడే ఉన్నాడు.

స్రవ్య అదే రాసింది.